కొరియన్ భాష, సినిమా కలిపి చదవాలంటే ఏ సగం కష్టం?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. ఇంటర్ పూర్తయింది, సినిమా అంటే ప్రాణం, కొన్నేళ్లుగా కొరియన్ ధారావాహికలు చూస్తూ హంగుల్ లిపి సొంతంగా నేర్చుకున్నారు. సినిమాను, కొరియన్ భాషా సంస్కృతులను విశ్వవిద్యాలయంలో కలిపి చదవడం మంచిదా, చదివితే లండన్‌లోనా, సియోల్‌లోనా, ఢిల్లీలోనా అన్నది మొదటిది. దీనితో దర్శకులు కాగలరా అన్నది రెండోది. "ఈ చదువుకు ఉద్యోగం వస్తుందా" అని అడుగుతున్న నాన్నగారికి ఏం చెప్పాలన్నది మూడోది. నేను లండన్‌లో ఇలాంటి జంట డిగ్రీయే చేశాను. అందులో ఒక ఏడాది సియోల్‌లో చదివాను. ఆ తర్వాత సబ్‌టైటిళ్ల అనువాదం, కొంత బోధన నా వృత్తి అయ్యాయి. కాబట్టి కాస్త పొడవుగానే చెబుతాను.

సినిమా సగంలో కెమెరా పట్టిస్తారని, భాష సగం ధారావాహికలు చూసినవారికి సులువుగా వస్తుందని అనుకుని చాలామంది చేరతారు. రెండూ నిజం కావు. బ్రిటన్‌లో జంట డిగ్రీలోని సినిమా భాగం చాలా చోట్ల సినిమా అధ్యయనమే. అంటే చూడడం, చదవడం, వాదించడం, వ్యాసాలు రాయడం. లైటింగ్, ఎడిటింగ్ నేర్పే తరగతి ఒకటో అరో ఉంటే ఉంటుంది. మీ సమయాన్ని నిజంగా మింగేది భాష. అక్కడ ఏడాదికి 120 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు పది గంటల శ్రమ అని లెక్క. తరగతి, ఇంటిపని, పరీక్షల తయారీ అన్నీ అందులోనే. తొలి రెండేళ్లలో దాదాపు సగం భాషకే పోతుంది. మీ తోటి సినిమా విద్యార్థి సాయంత్రం ఫిల్మ్ క్లబ్బులో కూర్చుని ఉంటే మీరు క్రియాపదాల రూపాలు బట్టీ పడుతూ ఉంటారు. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన దౌత్యవేత్తలకు కొరియన్ నేర్పడానికి 88 వారాలు, 2200 తరగతి గంటలు కేటాయిస్తుంది. స్పానిష్‌కు పట్టేదానికి ఇది రెండింతలకు పైనే.

అయితే ఆ లెక్క ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారిది. తెలుగువారికి అందులో మంచి తగ్గింపు ఉంది. "అమ్మ", "అప్ప" లాంటి మాటలు కలుస్తాయంటూ వాట్సాప్‌లో తిరిగే జాబితాల సంగతి కాదు నేను చెప్పేది. వాటి వల్ల చదువులో ఒరిగేదేమీ లేదు. కలిసేది వాక్యం. క్రియ చివరికి రావడం, విభక్తులు నామానికి వెనుక అతుక్కోవడం, "నిన్న చూసిన సినిమా" అన్నట్టుగా వాక్యం మొత్తాన్ని విశేషణంగా మార్చి నామం ముందు పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యలు. నా లండన్ సహాధ్యాయులు ఒక సెమిస్టర్ అంతా తలపట్టుకున్న వాక్యనిర్మాణాన్ని నేను తెలుగులో మనసులో అనుకుని అదే వరుసలో కొరియన్ పదాలు పేర్చేదాన్ని. ఆ ఆనందం మొదటి ఏడాది వరకే. రెండో ఏడాదిలో పదజాలం మీద పడుతుంది. కొరియన్ మాటల్లో సగానికి పైగా చైనా లిపి మూలాల నుంచి వచ్చినవి, మనకు సంస్కృత తత్సమాలు ఎలాగో అలా. వార్త, విమర్శ, సినిమా చరిత్ర చదవాలంటే అవే కావాలి. చైనా, జపాన్ విద్యార్థులకు అవి ఇంటి సొత్తు. మనం మాత్రం మూలధాతువుల్ని కుదురుగా నేర్చుకోవాలి. 'హక్' అంటే చదువు అని ఒకసారి పట్టుకుంటే హక్సెంగ్ విద్యార్థి, హక్క్యో బడి, మున్హక్ సాహిత్యం, క్వాహక్ శాస్త్రం అంటూ గుత్తులుగా వస్తాయి. వీటిని విడివిడిగా బట్టీ పట్టేవాళ్లు మూడో ఏడాదికి చతికిలబడతారు.

ఇంకో చోట మన తెలుగు సాయం చేస్తున్నట్టే చేసి వదిలేస్తుంది. మర్యాద మనకూ ఉంది, "వచ్చాడు", "వచ్చారు" తేడా మనకు తెలుసు. కానీ మనం ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారికే ఆ మర్యాద. మాస్టారు వచ్చారని స్నేహితుడికి చెప్పినా ప్రిన్సిపాల్‌కు చెప్పినా, మహా అయితే చివర ఒక 'అండీ' చేరడం తప్ప, వాక్యం ఒకటే. కొరియన్‌లో దానికి తోడు ఎవరితో మాట్లాడుతున్నామో దాన్ని బట్టి ప్రతి వాక్యం ముగింపూ మారుతుంది. గౌరవంతో మాట్లాడేది జొందేన్‌మల్, చనువుగా మాట్లాడేది బన్మల్. ఎవరి గురించి, ఎవరితో అన్న రెండు లెక్కలూ ఏకకాలంలో నడవాలి.

భాషా చదువూ సినిమా చదువూ నిజంగా కలిసేది ఇక్కడే. కొరియన్ సినిమాలో ఒక పాత్ర జొందేన్‌మల్ నుంచి బన్మల్‌కు దిగిందంటే అది కథలో ఒక సంఘటన. ప్రేమ మొదలైంది, లేదా గొడవ మొదలైంది, లేదా యజమాని యజమాని కాకుండా పోయాడు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో అది కనిపించదు. పేద కుటుంబం ఒకటి ధనికుల ఇంట్లో పనికి చేరే కథతో 2019లో వచ్చిన కొరియన్ చిత్రం 'పారసైట్'కు డార్సీ పాకెట్ రాసిన ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు అందరూ మెచ్చుకున్నవే. రెండు రకాల ఇన్‌స్టంట్ నూడుల్స్ కలిపి వండే చపగురిని ఆయన 'రామ్‌డాన్' అన్నాడు, సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం ప్రస్తావనను ఆక్స్‌ఫర్డ్ చేశాడు. హాలులో నవ్వు పండింది. కానీ ఆ ధనిక ఇంట్లో ఎవరు ఎవరితో ఏ ముగింపు వాడుతున్నారు, డ్రైవరు ఎక్కడ హద్దు దాటబోయి ఆగుతున్నాడు అన్నది కొరియన్ వినగలిగినవారికే అందుతుంది. వర్గభేదం గురించిన సినిమాలో సగం వాదన క్రియాంతాల్లో ఉంటే, అవి వినలేనివాడు రాసే వ్యాసం దేని గురించి? కొరియన్ రాకుండా కొరియన్ సినిమా మీద రాసే పరిశోధనలో ముగ్గురు నలుగురు దర్శకులే మళ్లీ మళ్లీ తిరగడానికి కారణం కూడా ఇదే. సబ్‌టైటిల్ ఎక్కడికి వెళితే వారూ అక్కడికే వెళ్లగలరు.

సినిమా చరిత్ర తరగతిలో నన్ను కట్టిపడేసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. కిమ్ కీ-యంగ్ 1960లో తీసిన 'హన్యో', అంటే పనిమనిషి, కొరియన్ సినిమాలో శిఖరం అంటారు. దాని నెగటివ్‌లో రెండు రీళ్లు పోయాయి. ఆ తర్వాత 1990లో ఒక పాత ప్రింటు దొరికింది. కానీ ఆ భాగం మీద పెద్దపెద్ద అక్షరాలతో చేతిరాత ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ముద్రపడి ఉన్నాయి. హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ స్థాపించిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ సాయంతో కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ 2008లో పునరుద్ధరించినప్పుడు ఆ అక్షరాలను ఫ్రేము ఫ్రేముకూ తుడవవలసి వచ్చింది. 'హన్యో' వచ్చిన మరుసటి ఏడాది, 1961లో, విడుదలైన యు హ్యోన్-మోక్ చిత్రం 'ఒబాల్తన్' కథ కూడా ఇలాంటిదే. సైనిక తిరుగుబాటు తర్వాత నిషేధానికి గురైన ఆ సినిమా, విదేశీ ఉత్సవానికి పంపిన సబ్‌టైటిల్ ప్రింటు రూపంలో మిగిలింది. సబ్‌టైటిల్ సినిమాను కాపాడిందా, చెరిపిందా అని మా ప్రొఫెసరు అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు వెతుకుతూనే ఉన్నాను. నేను ఈ వృత్తిలోకి రావడానికి సగం కారణం ఆ తరగతే.

సంస్కృతి పేరుతో పెట్టే తరగతులు మాత్రం అన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. కొన్నిచోట్ల హన్‌బోక్ అనే సంప్రదాయ దుస్తులు, కిమ్చి, కే-పాప్ అంటూ పర్యాటక శాఖ కరపత్రంలా నడుస్తాయి. మీరు చేరబోయే చోట పాఠ్యాంశాల జాబితా తెప్పించుకుని చరిత్ర ఎంత ఉందో చూడండి. జపాన్ వలస పాలన, 1950–53 యుద్ధం, సైనిక పాలకుడు పార్క్ చుంగ్-హీ కాలంలో 1962లో వచ్చిన సినిమా చట్టం, 1980 గ్వాంగ్జు ప్రజా తిరుగుబాటు, 1987 ప్రజాస్వామ్య ఉద్యమం తెలియకుండా ఏ కొరియన్ సినిమా పూర్తిగా అర్థం కాదు. సినిమాల ముందస్తు సెన్సారు రాజ్యాంగ విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1996లో తీర్పిచ్చింది. బుసాన్ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం మొదలైందీ ఆ ఏడాదే. మనం ఇప్పుడు 'కొరియన్ సినిమా' అని పిలుస్తున్నదంతా ఆ తలుపు తెరుచుకున్న తర్వాత వచ్చిందే. దేశీయ చిత్రాలకు థియేటర్లలో ఏడాదికి 146 రోజులు కేటాయించే నియమాన్ని 2006లో 73 రోజులకు కుదించినప్పుడు నటులు, దర్శకులు నిరసనగా వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వ అండ, ప్రభుత్వ అదుపు, మార్కెట్ ఒత్తిడి ఈ మూడింటి లాగులాట చదివితేనే 'హల్యు', అంటే ప్రపంచమంతా పాకిన కొరియన్ సంస్కృతి అల, ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలుస్తుంది.

సియోల్‌లో ఏడాది గురించి. బ్రిటన్‌లో కొరియన్ డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లు, అందులో కొంతకాలమో ఏడాదో కొరియాలో. అక్కడి విశ్వవిద్యాలయ భాషా సంస్థల్లో ఒక్కో స్థాయి పది వారాలు, రోజుకు నాలుగు గంటల చొప్పున 200 గంటలు. అలాంటివి ఆరు స్థాయిలు. యోన్సే విశ్వవిద్యాలయపు సంస్థ 1959 నుంచి నడుస్తోంది. సోగాంగ్ మాట్లాడించడానికి పేరుబడింది. ఉదయం తరగతి, మధ్యాహ్నం మీ ఇష్టం. ఆ మధ్యాహ్నాల్ని ఏం చేస్తారన్నదే మీ డిగ్రీ విలువను తేలుస్తుంది. తోటి విదేశీయులతో కాఫీ దుకాణాల్లో ఇంగ్లిష్ మాట్లాడుతూ ఏడాది గడిపేసినవారిని చాలామందిని చూశాను. సాంగామ్‌దాంగ్‌లోని కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు వెళ్లండి. అక్కడి సినిమాటెక్‌లో ప్రదర్శనలు ఉచితం, గ్రంథాలయంలో పాత స్క్రిప్టులు, పత్రికలు, చిత్రాలు అందుబాటులో ఉంటాయి. స్క్రిప్టు పక్కన పెట్టుకుని సినిమా చూడడం కంటే మంచి భాషా తరగతి నాకు తెలియదు. శరదృతువులో బుసాన్ ఉత్సవానికి వెళ్లి దర్శకులతో జరిగే ప్రశ్నోత్తరాలు వినండి. బుసాన్ యాస మొదట ఒక్క ముక్క అర్థం కాదు. పాఠ్యపుస్తకం నేర్పింది సియోల్ భాష ఒక్కటేనని అప్పుడు తెలుస్తుంది.

ఇక ఎక్కడ చదవాలి? లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం, షెఫీల్డ్ విశ్వవిద్యాలయం కొరియన్ బోధనలో పాతకాపులు. కానీ ఏ విషయాన్ని దేనితో జత చేయనిస్తారన్న జాబితా మారుతూ ఉంటుంది, దరఖాస్తు ఏడాదిలో వారి వెబ్‌సైటులోనే చూడాలి. విదేశీ విద్యార్థికి ఫీజే ఏడాదికి ఇరవై లక్షల రూపాయలు దాటుతుంది, లండన్ అద్దె వేరు. అప్పు చేసి ఈ డిగ్రీకి లండన్ వెళ్లమని నేనెవరికీ చెప్పను. చదువు బాగుండదని కాదు. చదివాక వచ్చే తొలి ఉద్యోగాల జీతం ఆ అప్పును మోయలేదు.

సియోల్‌కు నేరుగా వెళ్లాలంటే కొరియా ప్రభుత్వం ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీకి ఎంపికైతే విమాన ఛార్జీ, ఫీజు, నెలవారీ భత్యం ఇచ్చి ముందు ఒక ఏడాది భాష నేర్పిస్తారు. కొరియన్ భాషా సామర్థ్యాన్ని కొలిచే టోపిక్ పరీక్షలో మూడో స్థాయి అందుకుంటేనే డిగ్రీలోకి ప్రవేశం. వయసు 25 లోపు, మార్కులు 80 శాతం పైన ఉండాలి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. చుంగ్-ఆంగ్, దోంగుక్, హన్యాంగ్ విశ్వవిద్యాలయాల సినిమా విభాగాలకు మంచి పేరుంది. కొరియా నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఆర్ట్స్ ప్రభుత్వ సంస్థ. ఇలాంటి చోట్ల నిజంగా సినిమాలు తీయిస్తారు, కానీ బోధన కొరియన్‌లోనే. పైగా సన్‌బే, హూబే అనే సీనియర్, జూనియర్ వరుస చిత్రీకరణ బృందంలో గట్టిగా పనిచేస్తుంది. మూడో స్థాయి భాషతో సెట్‌లోకి వెళితే లైట్లు మోయడం తప్ప మరేమీ అప్పగించరు. కనీసం అయిదో స్థాయి వచ్చాక సినిమా విభాగంలో అడుగుపెట్టడం మేలు.

మూడో దారి గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు, నాకు మాత్రం అదే నచ్చుతుంది. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కొరియన్‌లో బీఏ ఆనర్స్ ఉంది. ప్రవేశం సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష ద్వారా, ఫీజు నామమాత్రం. అదే ప్రాంగణంలోని స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థెటిక్స్‌లో సినిమా అధ్యయనం ఎంఏ స్థాయిలో చదవవచ్చు. అంటే జంట డిగ్రీని మీరే ఒకదాని తర్వాత ఒకటిగా కట్టుకోవచ్చు. మధ్యలో కొరియాకు భాషా శిక్షణకో ఎంఏకో స్కాలర్‌షిప్ ప్రయత్నించవచ్చు. బీఏలో గట్టి భాషా పునాది పడ్డవారికి ఎంఏ స్కాలర్‌షిప్ అవకాశం ఎక్కువ. సినిమా తీయాలన్న కోరిక అప్పటికీ నిలిస్తే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు డిగ్రీ తర్వాతే వెళ్లేది కనుక ఆ తలుపూ మూసుకోదు.

దర్శకత్వం సంగతికి వస్తే, మీరు అభిమానించే దర్శకులు డిగ్రీలో ఏం చదివారో ఒకసారి చూడండి. బాంగ్ జూన్-హో యోన్సేలో సమాజశాస్త్రం చదివి, ఆ తర్వాత కొరియన్ అకాడమీ ఆఫ్ ఫిల్మ్ ఆర్ట్స్‌లో శిక్షణ పొందాడు. పార్క్ చాన్-వుక్ సోగాంగ్‌లో తత్వశాస్త్రం చదివాడు. లీ చాంగ్-డాంగ్ కొరియన్ భాషా బోధన చదివి, బడిలో పాఠాలు చెప్పి, నవలలు రాసి, ఆ తర్వాత సినిమాకు వచ్చాడు. 2003లో సాంస్కృతిక శాఖ మంత్రి కూడా అయ్యాడు. ఈ డిగ్రీ మిమ్మల్ని దర్శకుల్ని చేయదు. దర్శకుల్ని కాకుండా ఆపదు కూడా. రాయడం, చూడడం నేర్పుతుంది. షాట్ పెట్టడం మాత్రం స్నేహితులను పోగేసి, ఫోనుతోనైనా సరే, వారాంతాల్లో నేర్చుకోవలసిందే.

మీ తెలుగును తక్కువగా చూడకండి. ఇది ఓదార్పు మాట కాదు. 2014 నాటి కొరియన్ చిత్రం 'మిస్ గ్రానీ' చైనా, వియత్నాం, జపాన్ సహా అనేక భాషల్లోకి వెళ్లింది, 2019లో తెలుగులో 'ఓ బేబీ' అయింది. ఒక వృద్ధురాలు యువతిగా మారే కథలో కొరియన్ అత్తగారు తెలుగు అత్తగారిగా మారేటప్పుడు ఏం నిలిచింది, ఏం పోయింది అన్నది డిగ్రీ చివరి ఏడాది పరిశోధన వ్యాసానికి చక్కటి అంశం. దాన్ని రాయగలవారు కొరియన్, తెలుగు రెండూ తెలిసినవారే. లండన్‌లో మీ పక్కన కూర్చునే విద్యార్థికి ఆ అవకాశం లేదు.

నాన్నగారికి చెప్పవలసింది. సినిమా సగం నుంచి వచ్చే పనులు చలనచిత్రోత్సవాలు, పంపిణీ సంస్థలు, విమర్శ, బోధన. ఇవి తక్కువ, ఆలస్యం, జీతం పలచన. సబ్‌టైటిళ్ల పని గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. కొరియన్ నుంచి తెలుగుకు వచ్చే డబ్బింగ్, సబ్‌టైటిళ్లలో చాలా భాగం ఇంగ్లిష్ ప్రతి మీదుగానే నడుస్తుంది. కొరియన్ నేరుగా తెలిసిన తెలుగువారు అరుదు కావడం, సంస్థలు అలాంటివారికి అదనంగా చెల్లించడానికి తటపటాయించడం రెండూ నిజమే. యంత్రానువాదం వచ్చాక మొదటి ప్రతికి ఇచ్చే ధర పడిపోయింది. దిద్దేవారికి పని ఉంది. ఇంగ్లిష్ ప్రతి మింగేసిన "మీరు", "నువ్వు" తేడాను మూలం విని తిరిగి తెలుగులోకి తేగలిగినవారే అక్కడ నిలుస్తారు.

భాష సగం నుంచి వచ్చే పనులు వేరు. అనంతపురం ప్రాంతంలో, పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం, దాని చుట్టూ వెలసిన విడిభాగాల సంస్థలు, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ ఉన్నాయి. ఇలాంటి చోట్ల దుభాషీలకు, సమన్వయకర్తలకు గిరాకీ ఉంటుంది. సినిమా చదివి బోల్టుల గురించి దుభాషిత్వం చేయడమా అని మీరు ముఖం చిట్లించవచ్చు. నా సహాధ్యాయుల్లో కొందరు అదే చేశారు, ఆ జీతంతో సొంత లఘుచిత్రాలు తీశారు, నాకంటే ముందు ఇల్లు కొన్నారు. నాన్నగారికి కావలసిన జవాబు భాష సగంలో ఉంది, మీకు కావలసినది రెండింటి కూడలిలో ఉంది. ఇద్దరి మధ్య రాజీ కుదరాలంటే టోపిక్ అయిదో స్థాయి దాటాలి. ఆ కాగితం లేకపోతే ఈ డిగ్రీ పేరు వినసొంపుగా ఉంటుంది, అంతే.

ఈ ఏడాది చేయవలసినవి. కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ వారి యూట్యూబ్ చానల్లో పాత చిత్రాలు సబ్‌టైటిళ్లతో ఉచితంగా ఉన్నాయి. 'హన్యో'తోనో 'ఒబాల్తన్'తోనో మొదలుపెట్టండి. నలుపు తెలుపు కొరియన్ సినిమా అరగంటకే విసుగనిపిస్తే మీ ఇష్టం ధారావాహికల మీదే అని తేలుతుంది, అందులో తప్పేమీ లేదు, అప్పుడు భాష ఒక్కటే చదవండి. చూసిన ప్రతి చిత్రం మీదా ఒక పేజీ రాయండి, దరఖాస్తులో పెట్టే వ్యాసానికి అవే ముడిసరుకు. టోపిక్ మొదటి పరీక్షకు, అంటే ఒకటి, రెండు స్థాయిలకు, ఇప్పుడే నమోదు చేసుకోండి, మన దేశంలో ఢిల్లీ, చెన్నై వంటి నగరాల్లో జరుగుతుంది. డిగ్రీ స్కాలర్‌షిప్ ప్రకటన సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో వస్తుంది, గడువు కొద్ది వారాలే. ఇంటర్ మార్కుల జాబితాకు, ఉత్తీర్ణతా పత్రానికి అపోస్టిల్ కావాలి, అంటే విదేశాల్లో చెల్లడానికి వేసే అధికారిక ముద్ర, రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ అయ్యాకే విదేశాంగ శాఖ ముద్ర పడుతుంది. దీనికి పట్టే సమయాన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. ప్రకటన వచ్చేదాకా ఆగకుండా జులైలోనే ఆ పని మొదలుపెట్టండి. పాస్‌పోర్టులో, మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉండడం మన తెలుగువారికి మామూలే, అక్కడి కార్యాలయానికి మాత్రం అది ఇద్దరు మనుషులుగా కనిపిస్తుంది.